బడి వదిలాక బిడ్డ ఎక్కడుండాలి? తిరుపతి తల్లిదండ్రులకు ఒక మార్గదర్శి

తిరుపతిలో ఒకటో తరగతి చదివే బిడ్డకు బడి సాధారణంగా మూడున్నరకూ నాలుగున్నరకూ మధ్య వదులుతారు. ఆస్పత్రిలో డ్యూటీ అప్పగించి వచ్చే నర్సుకైనా, బ్యాంకులో ఆ రోజు లెక్కలు సరిచూసి లేచే ఉద్యోగికైనా, రేణిగుంట వైపు కర్మాగారంలో షిఫ్టు దిగి బస్సెక్కే తల్లికైనా ఇల్లు చేరేసరికి ఆరున్నర అవుతుంది, ఒక్కోనాడు ఏడు దాటుతుంది. మధ్యలో మిగిలే ఆ రెండు మూడు గంటల గురించే ఈ వ్యాసం.

ఆ గంటలను నింపడానికి మనలో చాలామంది చేసే మొదటి పని బిడ్డను ఏదో ఒక క్లాసులో చేర్పించడం. నేనూ అదే చేశాను. మా అమ్మాయికి ఐదున్నరేళ్ళప్పుడు సోమ, బుధవారాలు అబాకస్, మంగళ, గురువారాలు నాట్యం, శనివారం బొమ్మలు వేయడం అని వారమంతా సర్దేశాను. మూడో నెల వచ్చేసరికి ఆ పిల్ల ఆటోలోనే నిద్రపోవడం, లేపితే ఏడవడం, రాత్రి అన్నం ముందు కూర్చుని ముద్ద మింగకపోవడం మొదలైంది. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. బిడ్డకు కావలసింది బట్టలు మార్చుకుని, ఏదైనా తిని, కాసేపు చాప మీద బోర్లా పడుకోగలిగిన ఒక చోటు. నేను కొనిపెట్టింది వారానికి ఐదు పాఠాలు. మా తప్పు మరొకరికి తప్పాలని, ఆ తర్వాత మేము నేర్చుకున్నదంతా ఒక వరుసలో పెడుతున్నాను.

1. ముందు అవసరాన్ని రెండుగా విడదీయండి

సంరక్షణ వేరు, క్లాసు వేరు. సంరక్షణ ప్రతిరోజూ ఉండాలి. వాన పడినా, బడి మధ్యాహ్నమే వదిలినా, మీ బస్సు గంట ఆలస్యమైనా అది ఆగకూడదు. క్లాసు వారానికి రెండు రోజులు, గంటసేపు ఉంటుంది. గురువుకు ఒంట్లో బాగా లేకపోతే ఆ రోజు అదీ ఉండదు. క్లాసునే సంరక్షణగా వాడుకున్న తల్లిదండ్రుల బిడ్డ, గురువు రాని రోజున తాళం వేసిన తలుపు ముందు మెట్ల మీద కూర్చుంటుంది. ఇందుకు ఎదురు పొరపాటు కూడా ఉంది. ఫోనిక్స్, వేద గణితం, చదరంగం, యోగా అన్నీ నేర్పుతామన్న బోర్డు చూసి డే కేర్‌లో చేర్పిస్తే, బడిలో ఏడు గంటలు కూర్చుని వచ్చిన బిడ్డకు అది రెండో బడి అవుతుంది.

కాబట్టి ముందుగా ఒక కాగితం తీసుకుని, మనకు కొరవడింది బిడ్డను చూసుకునే మనిషా, బిడ్డ నేర్చుకోవలసిన విద్యా, లేక రెండూనా అన్నది రాసుకోండి. రెండూ అయితే మొదట సంరక్షణను తేల్చండి. అది నిలదొక్కుకుని కనీసం నెల రోజులు గడిచాకే క్లాసు మాట ఎత్తండి. ఈ వరుస తిరగబడితే తర్వాత ఎంత జాగ్రత్త పడినా సర్దుకోవడం కష్టం. ఇంట్లో అవ్వాతాతలు ఉండి బిడ్డను చూసుకోగలిగితే మీకు సంరక్షణ సమస్య లేదు. అలాంటి వారు నాలుగో మెట్టును చదవకుండా ముందుకు వెళ్ళవచ్చు. అయితే ఎనభై దాటిన అవ్వ నాలుగేళ్ళ పిల్లవాడి వెంట మేడ మెట్లెక్కి పరుగెత్తగలదా అన్నది ఆమెనే అడిగి, ఆమె మొహమాటానికి చెప్పే జవాబును కాక ఆమె మోకాళ్ళను చూసి నిర్ణయించండి.

2. ఒక్క వారాన్ని కాదు, ఏడాదిని కాగితం మీద వేయండి

జూన్‌లో బడి తెరిచినప్పుడు చేసుకున్న ఏర్పాటు మార్చిలో కూలిపోవడం మన దగ్గర మామూలే. సాధారణంగా మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి, పిల్లలను పన్నెండున్నర ప్రాంతంలో వదిలేస్తారు. సాయంత్రం మూడు గంటల పాటు కావలసిన సంరక్షణ ఒక్కసారిగా ఆరేడు గంటలవుతుంది, మధ్యాహ్న భోజనమూ అందులో చేరుతుంది. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు, దసరాకు సెలవులు, సంక్రాంతికి సెలవులు. ఆ రోజుల్లో మీరు ఎంచుకున్న డే కేర్ కేంద్రం తెరిచి ఉంటుందా, ఉంటే ఎంత అదనంగా తీసుకుంటుంది అన్నది చేరే రోజునే తేల్చుకోవాలి.

ఇది తిరుపతి కాబట్టి మరికొన్ని తేదీలు కూడా రాసుకోవాలి. బ్రహ్మోత్సవాల రోజుల్లో, ముఖ్యంగా గరుడసేవ నాడు, అలిపిరి వైపు దారులూ బస్టాండు పరిసరాలూ కదలవు. తమిళుల పెరటాసి నెల శనివారాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి రోజుల్లోనూ అంతే. మామూలు రోజున పది నిమిషాల్లో చేరే చోటికి ఆ రోజుల్లో ముప్పావు గంట పడుతుంది. ఇక నవంబరు వానలు. 2021 నవంబరులో ఊరిలో వీధులకు వీధులు నీట మునిగిన సంగతి ఇక్కడివారెవరూ మరువలేదు. లోతట్టు వీధిలోనో, వాన పడితే నీళ్ళు నిలిచే రైల్వే అండర్‌బ్రిడ్జికి అవతలో ఉన్న కేంద్రాన్ని ఎంచుకునే ముందు, గట్టి వాన పడిన రోజున ఆ దారి ఎలా ఉంటుందో అక్కడి దుకాణదారును అడగండి. అతడికి మీకు ఏదీ అమ్మే పని లేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాడు.

3. బిడ్డ ఓపికను లెక్క కట్టండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడు నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, కనీసం 180 నిమిషాల శారీరక కదలిక ఉండాలి, తెర ముందు కూర్చోవడం గంటకు మించకూడదు. ఐదేళ్ళు దాటినవారికి రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు చెమట పట్టే ఆట కావాలి. ఆరేళ్ళు దాటిన బిడ్డకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరమని నిద్రావైద్యులు చెబుతారు. ఉదయం ఆరున్నరకు లేవవలసిన బిడ్డ రాత్రి తొమ్మిదికి పడుకుంటే తొమ్మిదిన్నర గంటలు దక్కుతాయి. అంటే ఎనిమిది లోపు అన్నం అయిపోవాలి. ఏడింటికి ముగిసే క్లాసు నుంచి ఇంటికి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, హోంవర్క్ కూడా చేయాలంటే ఈ లెక్క కుదరదు. అన్నట్టు, 2020లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పాఠశాల సంచుల విధానం రెండో తరగతి దాకా హోంవర్క్ ఉండకూడదంటుంది. మీ బడి ఇస్తూ ఉంటే, సాయంత్రం ట్యూషన్ వెతకడానికి ముందు ఆ మాట బడిలో అడగడం మేలు.

నా అభిప్రాయం ఇది: ఐదేళ్ళ లోపు బిడ్డకు రుసుము కట్టే క్లాసు ఏదీ అక్కరలేదు. ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య ఒక్క క్లాసు, వారానికి రెండు రోజులు చాలు. ఏడు దాటాక, బిడ్డే అడిగితే రెండోది. ఈ మాటతో ఏకీభవించని తల్లిదండ్రులు ఉంటారని నాకు తెలుసు. వారిని కోరేది ఒక్కటే, వారంలో కనీసం రెండు సాయంత్రాలు ఏమీ లేకుండా వదిలిపెట్టండి.

4. సంరక్షణకు ఉన్న దారులన్నీ ఒకసారి చూడండి

మొదటి దారి బిడ్డ చదివే బడే. కొన్ని బడులు సాయంత్రం ఆరు దాకా పిల్లలను ఉంచుకుంటాయి. ప్రయాణం తప్పుతుంది, తెలిసిన ఆయమ్మ ఉంటుంది, అదే పెద్ద లాభం. కాని ఆ గంటల్లో పిల్లలను తరగతి గదిలో బెంచీల మీద కూర్చోబెట్టి రాయిస్తున్నారా, ఆవరణలో ఆడనిస్తున్నారా అన్నది ఒక రోజు ఐదింటికి వెళ్ళి మీరే చూడాలి.

రెండోది పని చేసే చోటు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టంలోకి వచ్చి, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్న నియమం ప్రకారం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ పసిబిడ్డలను చూసుకునే క్రెష్ సౌకర్యం కల్పించాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చు. ఈ హక్కు గురించి సంస్థలో ఎవరూ అడగనందువల్లనే అది కాగితం మీద ఉండిపోతుంది. నలుగురు తల్లులు కలిసి రాసి ఇస్తే జవాబు ఇవ్వక తప్పదు. చిన్న బిడ్డల కోసం కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి కింద పాల్నా పథకం ఉంది, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలకు క్రెష్‌లు దాని కింద నడుస్తాయి. మీ వార్డు అంగన్‌వాడీలో అడిగితే దగ్గర్లో అలాంటిది ఉందో లేదో చెబుతారు.

మూడోది ఇంట్లో నలుగురైదుగురు పిల్లలను చూసుకునే గృహిణి. మన కాలనీల్లో ఇది నిశ్శబ్దంగా, నమ్మకం మీద నడిచే ఏర్పాటు, చాలాసార్లు అన్నిటికన్నా మంచిది కూడా. బిడ్డకు అది ఇల్లులాగానే ఉంటుంది. పిన్ని అనో అత్త అనో పిలిచే చనువు ఏర్పడుతుంది. ఇందులో ఉన్న బలహీనత ఒక్కటే: ఆమెకు జ్వరం వచ్చినా, ఊరెళ్ళినా మీకు మరో దారి ఉండదు. అందుకని ఆమెతో పాటు రెండో ఇల్లు ఒకటి మాట్లాడి ఉంచుకోవాలి. తెలిసినవారే కదా అని డబ్బు ప్రస్తావన మొహమాటంతో వదిలేయకండి. ఆమె చేసేది పని. నెల మొదటి తేదీన చేతికి ఇవ్వండి, ఆలస్యమైన రోజుకు ఎంత అన్నది కూడా మాట్లాడుకోండి.

నాలుగోది డే కేర్ కేంద్రం. వీటిలో మంచివీ ఉన్నాయి, బోర్డు తప్ప మరేమీ లేనివీ ఉన్నాయి. వాటిని వేరు చేసేది చూపు ఒక్కటే.

5. చోటును కళ్ళతో చూడండి, రెండుసార్లు చూడండి

మొదటిసారి చెప్పి వెళ్ళండి, వారు చూపించాలనుకున్నది చూడండి. రెండోసారి చెప్పకుండా, సాయంత్రం ఐదూ ఐదున్నర మధ్య వెళ్ళండి. పిల్లలూ ఆయమ్మలూ బాగా అలసిపోయి ఉండే సమయం అదే. ఆ అరగంటలో ఆ ఇంటి నిజస్వరూపం తెలుస్తుంది. తల్లిదండ్రులు చెప్పకుండా రాకూడదనే నియమం ఉన్న చోట బిడ్డను ఉంచకండి. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు వద్దు.

గేటు గొళ్ళెం పిల్లల చేతికి అందే ఎత్తులో ఉందా? సంపు మూతకు తాళం ఉందా, లేక పలుచని రేకు కప్పి వదిలేశారా? మన ఇళ్ళలో సంపు లేని ఇల్లు అరుదు, మూత జరిగిన సంపు పిల్లలకు ప్రాణాంతకం. మేడ మీద నడిపే కేంద్రమైతే బాల్కనీకి గ్రిల్ ఉందా, మిద్దె తలుపు వేసి ఉందా, నిప్పంటుకుంటే దిగడానికి రెండో దారి ఉందా, నిప్పార్పే సిలిండర్ మీద గడువు తేదీ దాటలేదా చూడండి. వంటగదిలో గ్యాస్ పొయ్యి దగ్గరికి పిల్లలు పోగలరా? ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊరిలో కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా? నీళ్ళు ఎక్కడి నుంచి పట్టి ఇస్తున్నారు? పూలకుండీల పళ్ళేల్లో, పాత టైర్లలో నీళ్ళు నిలిచి ఉంటే అక్కడ డెంగీ దోమలు పెరుగుతున్నట్టే.

మరుగుదొడ్డిని తప్పక చూడండి. దాని శుభ్రత ఒక ఎత్తు. చిన్నపిల్లలను అక్కడికి ఎవరు తీసుకెళ్తారు, ఎవరు కడుగుతారు, ఆ మనిషి ఎప్పటి నుంచి పనిచేస్తోంది అన్నది అంతకన్నా ముఖ్యం. పనివారందరి వివరాలకు పోలీసు ధ్రువీకరణ చేయించారా అని అడగండి. డ్రైవరునూ, వంటమనిషినీ, సాయంత్రాలు వచ్చిపోయే యజమాని బంధువులనూ కలిపే అడగండి. అడిగినందుకు చిరాకు పడే చోటు మీకు తగినది కాదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. అలాంటి నేరం జరిగిందని తెలిసిన వారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలని ఆ చట్టం అంటుంది. సంస్థ పేరు పోతుందని దాచిపెట్టడం కూడా నేరమే. 1098 బాలల సహాయ నంబరు, 112 అత్యవసర నంబరు ఆ కేంద్రం గోడ మీద పిల్లలకు కనిపించేలా రాసి ఉన్నాయేమో గమనించండి.

ఇక పిల్లలను గమనించండి. ఒక ఆయమ్మ చేతిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. మూడేళ్ళ లోపు వారైతే ఒకరు నలుగురైదుగురికి మించి చూడలేరని నా అనుభవం. టీవీ నడుస్తోందా, నడుస్తుంటే ఎంతసేపటి నుంచి? ఒక బిడ్డ పడి ఏడిస్తే ఎవరు, ఎంత త్వరగా లేస్తారు? ఎత్తుకుంటారా, దూరం నుంచే "ఏడవద్దు" అంటారా? అంతా నిశ్శబ్దంగా ఉన్న డే కేర్‌ను చూసి క్రమశిక్షణ అనుకోకండి. పదిమంది పిల్లలున్న చోట కొంత గోల ఉండాలి.

ఏం పెడతారో అడగండి. బొరుగులు, గుగ్గిళ్ళు, రాగి జావ, అరటిపండు పెట్టే చోటు రోజూ బిస్కెట్ పొట్లం విప్పే చోటు కన్నా మంచిది. మన వైపు చెనక్కాయలు లేని వంట తక్కువ కాబట్టి, మీ బిడ్డకు అవి పడకపోతే ఆ సంగతి కాగితం మీద రాసి వంటమనిషికే స్వయంగా ఇవ్వండి. ఐదేళ్ళ లోపు బిడ్డకు గట్టి గింజలు అసలు పెట్టవద్దని, అవి గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉందని కూడా చెప్పండి. బిడ్డకు జ్వరం వస్తే ఎంతసేపట్లో మీకు ఫోను చేస్తారు, మీరు అందకపోతే ఎవరికి చేస్తారు, మందు వేసే ముందు అడుగుతారా అన్న మూడు ప్రశ్నలకు వెంటనే జవాబు రావాలి.

ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి. ఒక సాయంత్రం మా ఇద్దరికీ ఆలస్యమై, మావారి స్నేహితుడిని పంపాం. ఆయన తన పేరు చెప్పగానే ఆ కేంద్రంలో బిడ్డను అప్పగించేశారు. మేము పంపిన మనిషే, ఏ హానీ జరగలేదు. కాని మేము పంపామని వారికి తెలియదు, మాకు ఫోనైనా చేయలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి మేము పాటిస్తున్న పద్ధతి ఇది: బిడ్డను తీసుకెళ్ళగల ముగ్గురి పేర్లు, ఫోటోలు, ఫోను నంబర్లు కేంద్రంలో రాసి ఉంటాయి, నాలుగో మనిషి వస్తే మా నుంచి ఫోను రావాలి, బిడ్డకూ మాకూ మధ్య ఒక రహస్యపు మాట ఉంది, అది చెప్పని వారితో తను కదలదు. తీసుకెళ్ళిన సమయం, సంతకం ఉండే పుస్తకం లేని చోట ఆ పుస్తకాన్ని మీరే కొని ఇవ్వండి.

6. ఇప్పుడు క్లాసు గురించి

బిడ్డ ఏది అడుగుతోందో తెలుసుకోవాలంటే ముందు ఆ కళ తన కళ్ళబడాలి. మహతి ఆడిటోరియంలోనో, అన్నమాచార్య కళామందిరంలోనో ఒక నాట్య ప్రదర్శనకు, ఒక కచేరీకి తీసుకెళ్ళండి. పది నిమిషాల్లో లేచిపోదామన్నా ఫరవాలేదు. విశ్వవిద్యాలయ మైదానంలో ఒక ఉదయం పరుగెత్తనివ్వండి. అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో మీటలు నొక్కి చూడనివ్వండి. రెండు మూడు నెలల్లో బిడ్డ దేని గురించి మళ్ళీ మళ్ళీ మాట్లాడుతుందో తెలుస్తుంది.

సంగీతానికీ నాట్యానికీ తిరుపతి కన్నా అదృష్టం చేసుకున్న ఊళ్ళు తక్కువ. తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959 నుంచి ఉంది. అక్కడ చదువుకున్న వారిలో ఎందరో ఇళ్ళలోనే పిల్లలకు పాఠం చెబుతారు. మంచి గురువులను వెతకడానికి బోర్డుల కన్నా ఈ దారి నమ్మదగినది. గాత్రం నేర్పే గురువు మాయామాళవగౌళలో సరళీ స్వరాలతో మొదలుపెట్టి, జంట స్వరాలు, అలంకారాల మీద నెలల తరబడి ఉంచితే విసుక్కోకండి, అది పునాది. ఐదారేళ్ళ బిడ్డకు దానితో పాటు ఒక చిన్న సంకీర్తనను చెవితో విని పాడడం నేర్పే గురువు దొరికితే మరీ మంచిది. మూడు నెలల్లో వేదిక ఎక్కిస్తామనే వారితో మాత్రం జాగ్రత్త. నాట్యానికైతే నేలను చూడండి. గచ్చు మీదో గ్రానైటు మీదో వట్టికాళ్ళతో గంటసేపు తట్టిస్తే లేత మోకాళ్ళకూ మడమలకూ మంచిది కాదు. చెక్క నేల కాని, దళసరి చాప కాని ఉండాలి. మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునే అరమండిలో ఒకేసారి లోతుగా కూర్చోబెట్టక, మొదట ఒళ్ళు వేడెక్కించి, మెల్లగా దించే గురువు పిల్లల ఒళ్ళు తెలిసిన గురువు. కూచిపూడా భరతనాట్యమా అన్న తర్జనభర్జన ఈ వయసులో అక్కరలేదు. తమిళనాడుకు దగ్గరైన మన జిల్లాల్లో రెండూ బాగా నేర్పే వారున్నారు, గురువును చూసి ఎంచుకోండి.

ఈత ప్రతి బిడ్డకూ వచ్చి ఉండవలసిన విద్య. కాని వేసవి శిబిరాల రద్దీలో నేర్పించకండి. శిక్షకుడు గట్టు మీద నిలబడి కాక నీళ్ళలో దిగి నేర్పుతున్నాడా, చిన్నపిల్లలు ఆయన చేతికి అందే దూరంలో ఉన్నారా, లోతు తక్కువైన కొలను విడిగా ఉందా, పిల్లలను కాపాడడానికే మరొక మనిషి ఉన్నాడా చూడండి. మునిగే బిడ్డ కేకలు వేయదు, చప్పుడు లేకుండానే మునుగుతుంది. మొదటి నెల మీరే గట్టు మీద కూర్చోండి, ఫోను సంచిలో పెట్టి.

అబాకస్ గురించి నన్ను ఎక్కువమంది అడుగుతారు. పైన ఒక పూస, కింద నాలుగు పూసలు ఉండే జపాను పద్ధతి పలక అది. ఐదును పూర్తిచేసే జంటలు (రెండూ మూడూ వంటివి), పదిని పూర్తిచేసే జంటలు (ఆరూ నాలుగూ వంటివి) బిడ్డకు చేతివేళ్ళ మీద వచ్చి ఉంటే పూసల లెక్క హాయిగా సాగుతుంది, రాకపోతే అది వేళ్ళ కసరత్తు మాత్రమే అవుతుంది. ఇంట్లో రోజూ పావుగంట సాధన చేయించే ఓపిక మీకు లేకపోతే చేర్పించకండి. ఏడేళ్ళు వచ్చాక చూడవచ్చు. కరాటే, స్కేటింగ్, చదరంగం, బొమ్మలు వేయడం, వీటిలో బిడ్డకు ఏది ఇష్టమైతే అది, గురువు మంచివాడైతే చాలు. కోడింగ్ క్లాసులు ఈ వయసుకు అక్కరలేదు.

పోటీ పరీక్షల పునాది అంటూ రెండో తరగతి నుంచే పిల్లలను పిలిచే వారు కూడా ఉన్నారు. కోచింగ్ కేంద్రాల మీద కేంద్ర ప్రభుత్వం 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు 16 ఏళ్ళ లోపు పిల్లలను చేర్చుకోకూడదని చెబుతున్నాయి. ఆట, నాట్యం, నాటకం వంటివి ఆ నిర్వచనంలోకి రావు. ఒకటి రెండు తరగతుల బిడ్డకు ఐఐటీ పేరు చెప్పే బోర్డు ముందు ఆగనవసరం లేదు.

7. గురువును ఒక పూట గమనించండి

డెమో క్లాసులో గురువు మీ బిడ్డతో ఎంత ముద్దుగా మాట్లాడారన్నది లెక్క కాదు, ఆ రోజు అందరూ ముద్దుగానే మాట్లాడతారు. అక్కడ ఇప్పటికే నేర్చుకుంటున్న పిల్లల్లో వెనకబడిన బిడ్డతో ఎలా మాట్లాడుతున్నారో చూడండి. తప్పు చేసిన పిల్లను పేరు పెట్టి పిలిచి, దగ్గరికి వచ్చి, చూపించి సరిదిద్దుతున్నారా, పదిమంది ముందు పోల్చి చిన్నబుచ్చుతున్నారా? బెత్తం మూలన కనిపించినా సరే, లేచి వచ్చేయండి. అసలు గురువు డెమో రోజున మాత్రమే కనిపించి, తర్వాత పాఠం పెద్ద విద్యార్థులకు అప్పగించే పద్ధతి ఉందేమో అక్కడి తల్లులను అడగండి. తలుపు మూసి ఒంటరిగా బిడ్డకు నేర్పే ఏర్పాటుకు, ఎంత పేరున్న గురువైనా, ఒప్పుకోకండి. తలుపు తెరిచి ఉండాలి, లేదా మీరు గదిలో ఉండాలి.

8. దారి

ఇంటికి, బడికి దగ్గరున్న మామూలు క్లాసు ఊరి అవతలి గొప్ప క్లాసు కన్నా మేలు. బైరాగిపట్టెడ నుంచి తిరుచానూరు దాకా వారానికి రెండుసార్లు వెళ్ళి రావడం బిడ్డకు పాఠం కన్నా ఎక్కువ అలసట. ఆటో మాట్లాడుకుంటే ఎంతమంది పిల్లలు ఎక్కుతారో ముందే తేల్చుకుని, ఒక రోజు వెనకాలే వెళ్ళి లెక్కపెట్టండి. డ్రైవరు పక్కన సీటు అంచున కూర్చోబెట్టే ఆటో వద్దు. మీ బండి మీద తీసుకెళ్ళేటప్పుడు నాలుగేళ్ళు దాటిన బిడ్డకూ హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్ళ లోపు బిడ్డకు హెల్మెట్‌తో పాటు బండి నడిపే మనిషికి కట్టి ఉంచే పట్టీల సేఫ్టీ హార్నెస్ ఉండాలని, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న నియమం చెబుతోంది. పెట్రోలు ట్యాంకు మీద ముందు కూర్చోబెట్టి, చీర కొంగుతో పట్టుకుని తీసుకెళ్ళడం ఇంకా రోజూ కనిపిస్తోంది.

9. డబ్బు

నెల ఫీజు చూసి నిర్ణయించకండి, ఏడాది మొత్తాన్ని లెక్క వేయండి. ఉదాహరణకు నెలకు 1500 రూపాయలన్న క్లాసుకు చేరే రుసుము 1000, కిట్టు 800, ఏడాదిలో రెండు పోటీలకు 1200 చొప్పున, వార్షికోత్సవానికి దుస్తులు 2000 అనుకుంటే మొత్తం 24,200 అవుతుంది. అంటే నెలకు 2000 పైనే. కరాటేలో బెల్ట్ పరీక్షకు, అబాకస్‌లో ప్రతి లెవెల్‌కు, నాట్యంలో గజ్జెపూజకూ అరంగేట్రానికీ అయ్యే ఖర్చు మొదటి రోజే అడగడంలో తప్పు లేదు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నా కట్టకండి, మూడు నెలలకు మించి ముందుగా ఇవ్వవద్దు. మధ్యలో మానితే ఎంత వెనక్కి ఇస్తారో రసీదు మీద రాయించుకోండి. మాట తప్పితే 1915 జాతీయ వినియోగదారుల సహాయ నంబరు ఉంది.

10. మొదటి నెల, ఆ తర్వాత

కొత్త చోట మొదటి వారం గంటసేపే ఉంచి, రోజూ కొంచెం పెంచండి. వదిలి వెళ్ళేటప్పుడు చెప్పకుండా జారుకోవద్దు. ఎప్పుడు వస్తారో బిడ్డకు తెలిసే గుర్తుతో, పాలు తాగాక అనో దీపం పెట్టే వేళకు అనో చెప్పి, ఆ వేళకు రండి. రెండు మూడు వారాలు ఏడవడం సహజం. నెల దాటినా ఏడుస్తుంటే, పక్క తడపడం మళ్ళీ మొదలైతే, ఒక మనిషి పేరు ఎత్తగానే ముడుచుకుపోతే, ఒంటి మీద దెబ్బల గుర్తులు కనిపిస్తే కారణం వెతకడానికి ఆగకుండా ముందు ఆ చోట మానిపించి, ఆ తర్వాత నిదానంగా అడగండి. "ఏం నేర్చుకున్నావు" అని రోజూ అడిగే బదులు "ఎవరి పక్కన కూర్చున్నావు, ఏం తిన్నావు, ఏం నచ్చలేదు" అని అడిగితే పిల్లలు చెబుతారు.

క్లాసు విషయంలో ఒక టర్ము పూర్తయ్యే దాకా మానకూడదని బిడ్డతో ముందే ఒప్పందం చేసుకోండి, మీరు కూడా ఆ టర్ము ముగియగానే బిడ్డ మాట వినండి. మా అమ్మాయి అబాకస్ మానేసింది, నాట్యం ఉంచుకుంది, శనివారాలు ఇప్పుడు ఖాళీ. మానేటప్పుడు ఫోనులో సందేశం పంపి ఊరుకోక, బిడ్డను తీసుకుని వెళ్ళి గురువుకు నమస్కారం పెట్టించి, కిట్టు తిరిగి ఇవ్వవలసినదైతే ఇచ్చి రండి.

ఏర్పాటును ఏడాదిలో మూడుసార్లు తిరిగి చూసుకోండి: దసరా సెలవుల్లో, సంక్రాంతి అయ్యాక, ఫిబ్రవరి చివరి వారంలో. ఆ మూడోసారి వెళ్ళినప్పుడు ఒంటిపూట బడుల రోజుల్లో పన్నెండున్నర నుంచి బిడ్డను ఉంచుకుంటారా, మధ్యాహ్నం అన్నం వారు పెడతారా మనం డబ్బాలో పంపాలా, ఎండవేళ బడి నుంచి అక్కడికి ఎవరు తీసుకొస్తారు అన్నది అడిగి, జవాబును తేదీ వేసి రాసుకుని రండి.